ద్రెమ్నిత్సా నీళ్లు

అక్టోబరు 3, మంగళవారం

ద్రెమ్నిత్సా కేసు మా బెంచి నెత్తిన పడింది. ఏ కేసు ఎవరికో కంప్యూటరే చీటీ తీస్తుంది. ఇన్ని బెంచీలుండగా దానికి మేమే దొరికాం. మేమంటే ఇద్దరం, నేనూ ఇలింకా. అప్పీలు కోర్టులో కూర్చునేది ఇద్దరే. ఇలింకా చురుకైన పిల్ల, నాకంటే బాగా చిన్నది. ఫైలు చూడగానే "వచ్చిందా మేడమ్" అని చేతులు రుద్దుకుంది. నేను కళ్లజోడు వెతుక్కున్నాను.

నాకు భయమేం లేదు. పని ఎక్కువైందంతే. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తులేక ఇంకోటి వేసుకున్నాను.

అక్టోబరు 4

ఫైలు తెరవలేదు. వేరే పనులున్నాయి.

అక్టోబరు 8, ఆదివారం

కోస్తీన్ బాల్కనీలో వంకాయలు కాలుస్తున్నాడు. డాన్యూబ్ మీద ఓడలు నడిపినన్నాళ్లూ గరిటె పట్టని మగడు, రిటైరయ్యాక చలికాలపు పచ్చళ్ల మీద పడ్డాడు. కాల్చిన ఎర్రమిరపకాయల తొక్కలు తియ్యమని నన్ను కూర్చోబెట్టాడు. నా ముఖం చూసి ఏంటి సంగతన్నాడు. కోర్టు విషయాలు ఇంట్లో చెప్పకూడదు. పేపర్లో వచ్చినంత మటుకే చెప్పాను.

ద్రెమ్నిత్సా ఊరికి మంచినీళ్ల కోసం యూరప్ డబ్బిచ్చింది. మేయరు నికానోర్ బుర్దుజా గొట్టాలు పాతించాడు, నీళ్లు శుద్ధిచేసే కేంద్రం కట్టేశానని సంతకం పెట్టాడు, చౌరస్తాలో కుళాయి బిగించి 'సురక్షితమైన తాగునీరు' అని బోర్డు తగిలించాడు. కేంద్రం కట్టనే లేదు. కుళాయిలో వచ్చింది పాత బావి నీళ్లే. పొలాల ఎరువు ఇంకి ఇంకి పాడైపోయిన బావి. పెద్దవాళ్లకి ఏమీ కాలేదు. ఒక తల్లి ఆ నీళ్లు పాలపొడిలో కలిపి పడితే, నెలల పాప ఒళ్లంతా నీలంగా మారి చనిపోయింది. కింది కోర్టు బుర్దుజాకి శిక్ష వేసింది. మోసానికి ఒకటి, నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు ఇంకొకటి. అతను మా దగ్గరికి అప్పీలుకొచ్చాడు.

"ఇంకేం మరి, శిక్ష ఖాయం చేసెయ్" అన్నాడు కోస్తీన్.

అంత సులువైతే నేనెందుకు మిరపకాయ తొక్కల మీద కోపం చూపిస్తాను. నేరాలకి గడువుంటుంది, అది దాటితే శిక్ష వెయ్యలేం. ఇదివరకు దర్యాప్తులో ఒక్కో అడుగు పడ్డప్పుడల్లా ఆ గడువు మళ్లీ మొదటినుంచి లెక్క. ఆ పద్ధతి చెల్లదని రాజధాని బుకారెస్ట్‌లో మన రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. దాంతో పాత కేసులు గంపలకొద్దీ గడువు దాటినవైపోయాయి, ఇదీ అందులోదే. ఈ వేసవిలో లక్సెంబర్గ్ నుంచి యూరప్ కోర్టు ఇంకో మాట చెప్పింది. యూరప్ డబ్బు కాజేసిన పెద్ద మోసాల్లో మీ రాజ్యాంగ న్యాయస్థానం మాట పక్కన పెట్టి శిక్ష వెయ్యండి అని. ఆ మాట వింటే ఇక్కడ తప్పు, మా మీదే విచారణ పెడతారు. ఈ మాట వింటే అక్కడ తప్పు.

"అంటే ఇద్దరత్తల కోడలివన్నమాట" అని పగలబడి నవ్వాడు. "ఏ అత్త చెయ్యి నీ చెంపకి దగ్గర?"

బుకారెస్ట్ అత్త చెయ్యే దగ్గర. పైకి మాత్రం వంకాయలు మాడుతున్నాయన్నాను.

అక్టోబరు 11

వచ్చే నెలకి పెన్షనుకి సరిపడా సర్వీసు పూర్తవుతుంది. జడ్జీలకి యాభైకే పెన్షను వస్తుంది, అందరూ తీసుకుంటున్నారు కూడా. మా అంతస్తులో సగం గదులకి తాళాలే. నేనూ దరఖాస్తు టైపు చేసి ఉంచాను. ఆరోగ్యం కోసం. దీనికీ ద్రెమ్నిత్సాకీ ఏ సంబంధమూ లేదు. ఎప్పటినుంచో అనుకుంటున్నదే. ఎప్పటినుంచో రాసుకోలేదు గానీ, అనుకుంటున్నదే.

నేను వెళ్లిపోతే నా చోటికి వచ్చినవాళ్లు వాదనలు మళ్లీ మొదటినుంచి వినాలి. క్రిస్మస్ దాటితే ఎవరి లెక్కన చూసినా కేసు చచ్చినట్టే, లక్సెంబర్గ్ కూడా కాపాడలేదు. అది నా తప్పు కాదు. క్యాలెండరు తప్పు.

సోమవారం దరఖాస్తు ఇస్తాను.

అక్టోబరు 17

ఇవాళ మొదటి వాయిదా. సోమవారం దరఖాస్తు ఇవ్వలేదు, జలుబు చేసింది.

బుర్దుజా నున్నగా గడ్డం గీసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఇప్పుడు మేయరు కాదు, తేనెటీగలు పెంచుతున్నాడట. పాప తల్లి రోదికా రాలేదు. ఆమె ఎప్పుడూ రాదట. అమ్మమ్మ సవేతా వచ్చింది. నల్ల తలగుడ్డ, ఒళ్లో ప్లాస్టిక్ సంచీ. ఒకసారి దగ్గింది, కోర్టు జవాను వైపు చూసి క్షమించమన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ప్రాసిక్యూటర్ లక్సెంబర్గ్ తీర్పు చదివాడు. బుర్దుజా వకీలు ప్లెషా లేచి, గౌరవనీయ న్యాయమూర్తులకి తెలియనిది కాదు, రాజ్యాంగ న్యాయస్థానం మాట కాదన్నవాళ్లు తర్వాత ఎక్కడ జవాబు చెప్పుకోవాలో అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. ఇలింకా పెన్నుతో కాగితం మీద ఏదో గీసింది. నేను తల పైకెత్తలేదు.

అక్టోబరు 19

మా కోర్టు పెద్ద లియోంతిన్ కాఫీకి పిలిచాడు. కేసు పేరే ఎత్తలేదు. ఆయన ఎప్పుడూ ఏ పేరూ ఎత్తడు. పొరుగు జిల్లాలో ఒక జడ్జి మీద విచారణ పెట్టారని, పాపం పెన్షను కూడా ఆగేలా ఉందని, మంచి మనిషేనని అన్నాడు. వాళ్ల తోటలో క్విన్స్ పళ్లు విరగకాశాయన్నాడు. నేను లేచేటప్పుడు మాత్రం, "నువ్వు బాగా అలిసిపోయావు సిదోనియా. నీ దరఖాస్తు ఎప్పుడొచ్చినా ఆ రోజే సంతకం పెడతాను" అన్నాడు.

దరఖాస్తు సంగతి ఆయనకి నేను చెప్పలేదు. టైపు చేసింది ఆఫీసు కంప్యూటర్లో.

అక్టోబరు 20

కంప్యూటరు పాస్‌వర్డ్ మార్చాను. మార్చాక మర్చిపోయాను. కంప్యూటర్ల కుర్రాణ్ని పిలవాల్సొచ్చింది. అతను కూడా నన్ను అదోలా చూశాడు. చూడలేదేమో.

అక్టోబరు 24

ఇలింకా ఫైలంతా చదివేసింది. నేనూ చదివాను, రెండో అభియోగం తప్ప. దాన్ని తర్వాత చూడొచ్చులెమ్మన్నాను. ఆ పిల్ల ఊరుకోదు కదా. తలుపు మూసి వచ్చి కూర్చుంది.

"మేడమ్, లక్సెంబర్గ్ చెప్పింది యూరప్ డబ్బు గురించే. మోసం కేసు అలా బతుకుతుంది. కానీ పాప చావు మన చట్టం కింద కేసు. దానికి బుకారెస్ట్ మాటే చెల్లుతుంది. గడువైపోయింది, కొట్టెయ్యాలి" అంది.

తెలుసన్నాను.

"డబ్బుకి లక్సెంబర్గ్ ఉంది. పాపకి ఎవరున్నారు?"

నేను కసిరాను. మనం బెంచి మీద కూర్చునేది కథలు చెప్పుకోడానికి కాదన్నాను. ఆమె మొహం ఎర్రబడింది. తర్వాత క్యాంటీన్‌లో తన పళ్లెంలోని చీజ్ రొట్టె సగం విరిచి నా పళ్లెంలో పెట్టింది. తిన్నాను.

నేనేమీ కొత్త సంగతి వినలేదు. మొదటి రోజు నుంచీ తెలుసు. అందుకే చదవలేదు.

అక్టోబరు 30

దరఖాస్తు సోమవారం ఇద్దామనుకున్నాను. ఇవాళే సోమవారం.

నవంబరు 4, పితరుల శనివారం

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు.

అమ్మ సమాధికి వెళ్లాను. కోస్తీన్ ఉడికించిన గోధుమల ప్రసాదం చేసిచ్చాడు, పైన చక్కెరతో శిలువ కూడా వేశాడు. శ్మశానం గేటు దగ్గర ఎప్పటిలాగే జనం. ఎవరి పెద్దల పేరు మీద వాళ్లు రొట్టెలు, కొవ్వొత్తులు, మట్టి ముంతలు పంచుతున్నారు. ఒకావిడ నా చేతిలో నీళ్ల సీసా పెట్టింది. ఆమెని చూడకుండానే అందుకుని, పుట్టిన దగ్గర్నుంచీ అలవాటైన నోటితో "దేవుడు మన్నించుగాక" అనేశాను. మా దగ్గర చచ్చినవాళ్ల పేరున ఇచ్చింది ఎవరూ వద్దనరు. చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది.

అప్పుడు చూశాను. సవేతా.

ఆమె నన్ను గుర్తుపట్టలేదు. నల్ల గౌను లేదు, తలకి ఉన్ని టోపీ, ముక్కు ఎర్రగా ఉంది. నేను ఆమెకి ఏ ఊరిదో ఎవరో.

"అలా పట్టుకుని చూస్తావేంటి, తాగు. తాగితేనే పిల్లకి అందుతుంది" అంది.

తాగాను. నేనెవరో అప్పుడే చెప్పాల్సింది. సీసా వెనక్కివ్వాల్సింది. మా రూల్స్ ప్రకారం ఆమెతో మాటే మాట్లాడకూడదు. నేను నిలబడి నీళ్లు తాగాను, ఆమె చెప్తూ పోయింది. మాట్లాడే మనిషి దొరక్క ఎన్నాళ్లయిందో. కొట్టునీళ్లే, భయపడకు, మా ఊరివి కాదు అంది. ఊళ్లో పంచడానికి లేదట, అందుకే సీసాలు మోసుకుని బస్సెక్కి వచ్చిందట.

"మా ఇంటి నీళ్లు ఎవరూ పుచ్చుకోరు తల్లీ. బిడ్డని నీళ్లుపోసి చంపుకున్న కొంపంటారు. డాక్టరు సీసా నీళ్లు కొనమన్నాడు, పిసినారిది కొనలేదంటారు. నా కూతురు బోర్డు చదివింది. చదువుకున్న పిల్ల గదా, చదివింది, నమ్మింది. చదువు రాకపోయినా బాగుండేది. ఇప్పుడు గుమ్మం దాటదు, చర్చికి కూడా రాదు." నా చేతి మీద తన చెయ్యి వేసింది. "ఆ మేయరు జైలుకెళ్తే ఎంత, వెళ్లకపోతే ఎంత. తప్పు దానిది కాదని ఎవరన్నా ఒక్క మాట కాయితం మీద రాస్తే చాలు. కోర్టోళ్లు రాస్తారంటావా?"

బస్సుందని చెప్పి వచ్చేశాను. వెనక్కి తిరిగేసరికి రెండు వరసల అవతల వకీలు ప్లెషా, వాళ్ల నాన్న సమాధి దగ్గర కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డాడు. తల వంచి నమస్కారం పెట్టాడు.

నవంబరు 5

బస్సని ఎందుకన్నానో. కారు గేటు దగ్గరే ఉంది.

నవంబరు 7

ప్లెషా పిటిషన్ వేశాడు. ఫిర్యాది పక్షం నుంచి న్యాయమూర్తి వస్తువు స్వీకరించారు, వారితో చాలాసేపు మాట్లాడారు, కనుక తప్పించాలి అని. ప్లెషాని తప్పుపట్టలేను. నేనే వకీలునైతే నేనూ వేసేదాన్ని.

అందరూ ఎంత సంతోషంగా ఉన్నారో. లియోంతిన్ కారిడార్లో నా భుజం తట్టి, ఇది దేవుడు తెరిచిన తలుపు అన్నాడు. కోస్తీన్ సారా రెండు చిన్న గ్లాసుల్లో పోసి, చేతికి మట్టంటకుండా బయటపడ్డావన్నాడు. పిటిషన్ మీద తేల్చేది వేరే జడ్జి. నేను చెయ్యాల్సిందల్లా ఒక పేజీ జవాబు రాయడమే: ఆ కలయిక వల్ల నా మనసు కదిలిందా, లేదా.

కదిలిందని నిజం రాస్తే ఇంటికి పోవచ్చు. అప్పుడు కొత్త మనిషి రావాలి, వాదనలు మళ్లీ మొదలవ్వాలి, క్రిస్మస్ దాటుతుంది. కదల్లేదని రాస్తే ఉండాలి. నిజం చెబితే బుర్దుజా బయటపడతాడు, అబద్ధమాడితే న్యాయం జరుగుతుంది. పాతికేళ్ల సర్వీసులో ఇలాంటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

నవంబరు 8

కదిలిందని రాశాను. చదివి చూసుకుంటే చాలా హుందాగా ఉంది. నిజాయితీ ఉట్టిపడుతోంది. సంతకం కూడా పెట్టాను.

నవంబరు 9

కాఫీ తాగుతూ మళ్లీ చదివాను. దాంట్లో ఒక్క అబద్ధం లేదు, అయినా మొత్తం అబద్ధం. నేను పోతానంటున్నది మనసు కదిలినందుకు కాదు. భయపడి.

చించేశాను. కొత్తది రాశాను: 'ఆమెని ముందు గుర్తుపట్టలేదు. ఇక్కడివాళ్లెవరైనా అందుకున్నట్టే అందుకున్నాను. ఆమె మాటలు విన్నాను, నేనెవరో చెప్పకపోవడం నా పొరపాటు. ఈ కేసులో చట్టం ఏమిటన్న దాని మీద నా అభిప్రాయం అంతకుముందు ఏదో ఇప్పుడూ అదే.' ఇది నిజం. అంతకుముందూ తెలుసు, తెలియనట్టు ఉన్నానంతే.

పిటిషన్ తిరస్కరిస్తారని కాదు రాసింది. ఒప్పుకుంటే మాత్రం నేనేం చేస్తాను. ఒప్పుకుంటే బాగుండును.

నవంబరు 10

పిటిషన్ కొట్టేశారు. పోయినవాళ్ల పేర ఇచ్చే నీళ్లు కాదనడం ఈ ప్రాంతంలో ఎవరివల్లా కాదు, దాన్ని కానుక అనలేం అని రాశారు. తలుపు మూసుకుంది. కోస్తీన్‌తో చెబితే వంటింట్లోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు తోమాడు. తర్వాత వచ్చి, "మూడు పూటలా మొక్కజొన్న సంకటి తిందాంలే. పెన్షను పోతే పోనీ" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. సంకటంటే అతనికి అసహ్యం.

నవంబరు 21

వాదనలు అయిపోయాయి. మా దగ్గర చివరి మాట ముద్దాయిదే. బుర్దుజా నిలబడి, మా ఇంట్లోనూ అవే నీళ్లు తాగాం, నా మనవలూ తాగారు, నేను దేవుడికి జవాబు చెప్పుకుంటాను అన్నాడు. నటించడం లేదు. దుర్మార్గుడని అనుకోవడం తేలిగ్గా ఉండేది. అతను తల్లి గురించి ఒక్క మాట అనలేదు, మంచిగానూ చెడ్డగానూ.

సవేతా నావైపు కన్నార్పకుండా చూస్తోంది. ఇప్పుడు ఆమెకి తెలుసు.

నవంబరు 23

తీర్పు మీద చర్చలో మొదట చిన్నవాళ్లు చెప్పాలి, పెద్దవాళ్లు చివర. పెద్దవాళ్ల మాట విని చిన్నవాళ్లు జంకకూడదని ఆ ఆనవాయితీ. ఇన్నాళ్లూ నాకు అది మంచి పద్ధతిగా కనిపించింది. ఇవాళ నాకు దాని వెనక దాక్కోవాలనిపించింది.

దాక్కోవడం ఎలాగో కూడా లెక్క వేసుకున్నాను, సిగ్గు విడిచి రాస్తున్నాను. మా ఇద్దరికీ కుదరకపోతే మూడో మనిషి వస్తాడు. వంతు ప్రకారం వచ్చేది లియోంతిన్. ఇలింకా శిక్ష అంటుంది, నేను కాదంటాను, లియోంతిన్ నాతో ఉంటాడు. ఇద్దరి మాట నెగ్గుతుంది. విచారణ వస్తే గిస్తే ఆ పిల్ల మీదికే, అదైనా ఆమె మాట నెగ్గదు కాబట్టి రాదు. ఎవరికీ నష్టం లేదు.

తలుపు మూశాం. ఇలింకా కాగితాలు సర్దింది, మళ్లీ సర్దింది.

"మోసం మీద లక్సెంబర్గ్ మాట పాటించాలి, శిక్ష ఖాయం చెయ్యాలి. ఇది నా మాట" అంది. "మీరు కాదంటే ఎవరొస్తారో నాకు తెలుసు మేడమ్. నేనొక్కదాన్నే మిగులుతాను. ఇంటప్పుంది, ఇద్దరు చిన్నపిల్లలు. రాత్రంతా నిద్రపోలేదు. అయినా ఇదే మాట."

ఆమె నన్ను బతిమాలి ఉంటే బహుశా కాదనేదాన్నేమో. బతిమాలలేదు. తన మాట చెప్పేసి టిష్యూతో ముక్కు తుడుచుకుంది.

కిటికీ తెరిచాను. కింద ట్రామ్ వెళ్లింది. "నాదీ అదే మాట" అన్నాను.

తర్వాత రెండో అభియోగం. రూలు రూలే, చిన్నవాళ్లు ముందు చెప్పాలి, నేను ఎదురుచూశాను. చివరికి ఇలింకా "కొట్టెయ్యాలి" అంది. నేనూ అదే అన్నాను. ఇలింకా ఆ పేజీ మూసి కట్ట అడుగున పెట్టింది.

నవంబరు 27, సోమవారం

దరఖాస్తు గురించి అనుకోలేదు. ఇప్పుడే గుర్తొచ్చింది.

డిసెంబరు 6

తీర్పు నేనే రాస్తున్నాను. లక్సెంబర్గ్ భాగం అయిపోయింది. రాజ్యాంగ న్యాయస్థానం మాట ఎందుకు పక్కన పెడుతున్నామో ఒక్కో వాక్యం తూచి రాశాను. వాళ్ల మాట కాదనడం నాకేం సరదా కాదు. వాళ్ల తీర్పులు చదివే నేను జడ్జినయ్యాను, ఇప్పటికీ వాళ్లదీ ఒక న్యాయమే అనిపిస్తుంది. గడువులంటూ లేకపోతే మనిషి నెత్తిన కత్తి బతుకంతా వేలాడుతుంది.

రెండో అభియోగం నాలుగు లైన్లలో తేలింది. గడువు ముగిసినందున కొట్టివేత. అపరాధం ఎవరిదన్న మాట ఎత్తకూడదు. గడువు దాటిన కేసులో ఎవరినీ దోషి అనడానికి వీల్లేదు, అది సబబే.

కానీ తల్లిని ముద్దాయి బోనులో ఎవరూ నిలబెట్టలేదు. ఆమె నిర్దోషి అని చెప్పకూడదని ఏ చట్టంలోనూ లేదు.

డిసెంబరు 8

మోసం భాగంలో, దొంగ సంతకం వల్ల ఏం జరిగిందో చెప్పే చోట, ఒక వాక్యం పెట్టాను. ఇలింకా చదివింది. కుర్చీ దగ్గరికి లాక్కుని మళ్లీ చదివింది.

"మేడమ్, శిక్ష వెయ్యడానికి ఇది అక్కర్లేదు. ఇది తీసేసినా తీర్పు నిలబడుతుంది. ఉంచితే మాత్రం దీన్నే పట్టుకుంటారు. కొట్టేసిన కేసుని దొడ్డిదారిన లోపలికి తెచ్చారంటారు" అంది.

ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. తీసేశాను. మధ్యాహ్నం మళ్లీ పెట్టాను. ఇంటికొచ్చాక తీసెయ్యాలనిపించింది, ఫైలు ఆఫీసులో ఉండిపోయింది.

డిసెంబరు 11

వాక్యం ఉంది. ఇలింకా సంతకం పెట్టింది. పెట్టే ముందు "మీరు గట్టిగానే అనుకున్నారా" అని ఒక్కసారి అడిగింది. గట్టిగా ఏమీ అనుకోలేదు, అన్నాను. ఆమెకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం.

డిసెంబరు 19

ఇప్పుడు తీర్పులు పైకి చదవడం లేదు. కౌంటరులో కాగితం ఇస్తారు, అంతే. మేం పక్కమెట్ల మీంచి దిగిపోతాం, ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. ఇవాళ పెద్దమెట్ల మీంచి దిగాను. తీర్పు బయటికొచ్చేసింది, ఇంక నేను ఎవరి జడ్జినీ కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. అలా ఏ రూల్లోనూ లేదు.

సవేతా కౌంటరు పక్క బల్ల మీద కూర్చుని ఉంది. కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుంది, తిప్పడం లేదు. నన్ను చూసి లేచింది.

"మీరని తెలిస్తే ఆ రోజు ఇచ్చేదాన్ని కాదమ్మా. నా వల్ల మీకు మాటొచ్చిందంట" అంది.

కూర్చోమన్నాను. తీర్పేంటో కౌంటరు అమ్మాయి చెప్పిందట. బుర్దుజా జైలుకి వెళ్తాడని, పాప కేసు కొట్టేశారని. ఆమెకి రెండో ముక్కే వినిపించింది.

"డబ్బుకైతే జైలు. పిల్లకైతే ఏమీ లేదు. అంతేగా అమ్మా?"

"అంతే పెద్దమ్మా."

"ఎందుకని?"

చెప్పబోయాను. లక్సెంబర్గ్, బుకారెస్ట్, గడువు. మూడు నెలలుగా ఇంట్లో, ఆఫీసులో, కలలో కూడా చెప్పుకుంటున్నది, ఆమె ముఖం చూస్తే ఒక్క ముక్క రాలేదు. క్షమించమన్నాను. ఆమె క్షమించానని అనలేదు. కట్ట సంచీలో పెట్టుకుని లేవబోయింది.

కట్ట అడిగి తీసుకుని ఆ పేజీ వెతికాను. దొరకలేదు, నేను రాసిందే నాకు దొరకలేదు, పేజీలు అంటుకుపోతున్నాయి. దొరికాక చదివాను:

"బోర్డు మీద ఉన్నది నమ్మి తల్లి ఆ నీళ్లు పట్టింది. నమ్మడంలో ఆమె తప్పు లేదు."

సవేతా మళ్లీ చదవమంది. చదివాను. ఎవరు రాశారంది. మేమిద్దరం అన్నాను. కోర్టు ముద్ర ఉందా అంది. చూపించాను, వేలితో తడిమింది. తనకి కళ్లు ఆనవు, ఊళ్లో చదివి పెట్టేవాళ్లు మధ్యలో మాటలు మార్చేస్తారు, నోటికి వచ్చేదాకా చెప్పమంది. జనం మా చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. నేను చెప్పాను, ఆమె చెప్పింది. 'నమ్మడంలో' దగ్గర ఆగిపోయేది, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. నోటికి వచ్చాక తలగుడ్డ సర్దుకుని, బస్సు టైమైందని వెళ్లిపోయింది. థాంక్స్ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది.

మేడ మీదికి వెళ్లి బాత్‌రూమ్‌లో తలుపేసుకున్నాను.

జనవరి 15, సోమవారం

జడ్జీల మీద విచారణ జరిపేవాళ్ల నుంచి నోటీసొచ్చింది.

లక్సెంబర్గ్ గురించి అడుగుతారని జవాబు సిద్ధం చేసుకుని ఉన్నాను. దాని గురించి ఒక్క ముక్క లేదు. అడిగింది ఆ వాక్యం గురించి. గడువు ముగిసి కొట్టేసిన అభియోగానికి సంబంధించిన ఆ మాట ఏ చట్టపు అవసరం కొద్దీ రాశారు, రాతపూర్వకంగా వివరించండి అని. నా పేరొక్కటే ఉంది, ఇలింకా పేరు లేదు. కనీసం అందుకు ఊపిరి పీల్చుకున్నాను.

లియోంతిన్ పిలిచాడు. ఈసారి పేర్లు ఎత్తాడు. పాత కాగితం మీంచి కాపీ చేస్తుంటే పొరపాటున పడిందని రాయి, సరిదిద్దే ఉత్తర్వు ఒకటి ఇచ్చి ఆ రెండు లైన్లూ తీసెయ్, మొత్తం సమసిపోతుంది, పెన్షనూ వస్తుంది, నేను మాట్లాడాను అన్నాడు. ఆయన నా మేలు కోరే చెబుతున్నాడు, అది నాకు తెలుసు. ఆలోచిస్తానన్నాను.

భోజనం చెయ్యలేదు. మాత్ర వేసుకున్నానో లేదో తెలియదు. ఇంటికొచ్చి కోటు విప్పకుండా బల్ల దగ్గర కూర్చున్నాను. కోస్తీన్ తలుపు దగ్గర నిలబడి చూసి, ఏమీ అడక్కుండా దీపం వేసి వెళ్లాడు.

భయంగా ఉంది. ఇప్పుడు ఇంకో పేరు పెట్టను, ఇది భయమే. ఇప్పుడు ఎక్కడో ద్రెమ్నిత్సాలో ఒక ముసలావిడ ఆ మాట నోటికి చెబుతూ ఉంటుంది, ఒక్క ముక్క మారకుండా.

జవాబు రాశాను. 'పొరపాటున పడింది కాదు. కావాలనే రాశాను.' సంతకం పెట్టాను.